పోయిన వాయిద్యాలు, పోగొట్టుకున్న మనిషి

ధ్యాన భాగం: ఎజ్రా 1:7–11, 2వ అధ్యాయం



పోయిన వారం పక్క మండలంలో సేవ చేస్తున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. రాత్రి వాళ్ళ మందిరంలో దొంగలు పడి కీబోర్డు, రిథమ్ ప్యాడ్, రెండు మైకులు ఎత్తుకుపోయారట. గొంతు పూడుకుపోయి ఉంది. "అన్నా, మీ హార్మోనియం మళ్ళీ దొరికిందిగా. మీరేం చేశారో చెప్పండి, మేమూ అలాగే చేస్తాం" అన్నాడు. మేము చేసినవన్నీ చెప్పాం. చేయకూడనిది కూడా ఒకటి చేశాం. దాన్ని ఫోనులో చెప్పలేకపోయాం. ఫోన్ పెట్టేశాక మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోకుండా కూర్చున్నాం. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాం. మీలో చాలామందికి తెలిసిన సంగతే. అయినా మొదటి నుంచి చివరి దాకా మా నోటితో మేము చెప్పిన దినం లేదు.

మూడేళ్ళ క్రితం డిసెంబరు మొదటి శనివారం అది. సెమీ క్రిస్మస్‌కు ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ రాత్రి నుంచే క్యారల్స్ మొదలుపెట్టాలని యౌవనస్థులు ఏ వీధి ఏ రోజో వరస రాసుకున్నారు. తెల్లవారుజాము ప్రార్థనకని వెళ్ళి మందిరం తాళం తీశాం. లైటు వేస్తే వేదిక పక్కన ఖాళీ చాప కనబడింది. వాయిద్యాల మీద కప్పే ఎర్ర దుప్పటి ఒక మూలకు పడేసి ఉంది. కీబోర్డు లేదు. తబలా జోడి లేదు. హార్మోనియం లేదు. ఆంప్లిఫైయర్, మైకులు లేవు. గోడకు మేకు మీద డోలక్ ఒక్కటే మిగిలింది. దానికి ఒక పక్క చర్మం చిరిగింది గనుక దొంగలకు కూడా పనికిరాలేదు.

వాటి ఖరీదు ఎంతని ఆ ఉదయం చాలామంది అడిగారు. కొన్నదాని ఖరీదు చెప్పగలం. కీబోర్డును మన యౌవనస్థులు ఒక ఏడు మిరప కోతల్లో వచ్చిన కూలిలోంచి వారం వారం పక్కన పెట్టి కొన్నారు. హార్మోనియం అంతకంటే ఎంతో పాతది. స్త్రీల సమాజంలోని మన అమ్మమ్మలు పూటకో పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, అమ్మి, రెండేళ్ళకు పైగా కూడబెట్టి తెచ్చింది. వాళ్ళలో ఇద్దరే ఇప్పుడు మన మధ్య ఉన్నారు. ఆ బియ్యం పెట్టిన పూట వాళ్ళ ఇళ్ళలో ఎవరి కంచంలో తగ్గిందో ఎవరు లెక్క కట్టగలరు?

వాయించేవాళ్ళ బాధ వేరు. అది మాకు ఆ ఆదివారమే అర్థమైంది. హార్మోనియం వాయించే మన పెద్దాయన పాట మొదలవగానే ఒడిలో పెట్టుకున్న చేతులు చూసుకుంటూ ఉండిపోయారు. ఆ పెట్టెలో ఏ మెట్టు మెత్తగా దిగుతుందో, దేన్ని కాస్త నొక్కి పట్టాలో ఆయన వేళ్ళకు నలభై ఏళ్ళుగా తెలుసు. "కొత్తది కొందాంలే తాతా" అని ఒక పిల్లవాడు అంటే, "కొత్తది నా మాట వినడానికి నాకు వయసు లేదురా" అన్నారు. కీబోర్డు వాయించే అబ్బాయి ప్రసంగం జరుగుతున్నంతసేపూ బైబిలు అట్ట మీద వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. వాయిద్యం వాళ్ళకు వస్తువు కాదు. దేవునితో వాళ్ళు మాట్లాడే నోరు అది. దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు.

అదే రోజు సంఘ పెద్దలతో కలిసి స్టేషనుకు వెళ్ళాం. పోయినవాటి పట్టిక రాసిమ్మన్నారు. కీబోర్డు కంపెనీ పేరు చెప్పాం. అడుగున అతికించిన నంబరు ఎంతని అడిగారు. తెలియదు. ఫొటో ఉందా అన్నారు. క్రిస్మస్ ఆరాధన ఫొటోలో ఒక మూల కనబడుతోంది, అంతే. బిల్లు కోసం మూడు రోజులు వెదికితే ఒక పాత పాటల పుస్తకంలో దొరికింది. తర్వాత ఆంప్లిఫైయర్ దగ్గరికి వచ్చారు. "ఇది ఎక్కడ కొన్నారు?" అని అడిగేసరికి మా నోట మాట రాలేదు.

దాన్ని రెండేళ్ళ ముందు రోడ్డు మీద ఆటోలో వచ్చిన ఒకతని దగ్గర సగం ధరకు కొన్నాం. బిల్లు అడగలేదు. ఎక్కడిదని అడగలేదు. ప్రభువే చౌకగా ఇప్పించాడని ఆదివారం సాక్ష్యం కూడా చెప్పాం! ఆ రాసుకునే ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. కలం ఆపి ఒక్కసారి మా ముఖాల్లోకి చూసి మళ్ళీ రాసుకున్నారు. దొంగ సొత్తని నమ్మడానికి కారణం ఉండీ తీసుకుంటే చట్టం దాన్ని కూడా నేరమే అంటుంది. మన ఆంప్లిఫైయర్ కోసం ఏ ఊళ్ళో ఏ పాటల బృందం ఏడ్చి ఉంటుందో ఇప్పటికీ మాకు తెలియదు.

ఆ సిగ్గు అక్కడితో మమ్మల్ని ఆపి ఉంటే బాగుండేది. ఆపలేదు. "ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అని అడిగారు. తాళం పగలలేదు, కిటికీలు మూసే ఉన్నాయి. తాళం చెవులు మూడు. ఒకటి మా దగ్గర, ఒకటి పెద్దల దగ్గర, ఇంకొకటి డోలక్ వాయించే అబ్బాయి దగ్గర. శనివారం సాధన కోసం మేమే ఇచ్చాం. అతనికి ఫోను అప్పులున్నాయని అందరికీ తెలుసు. వారం ముందే వచ్చి మూడు వేలు చేబదులు అడిగితే లేవన్నాం. ఇవన్నీ ఒక్క నిమిషంలో మా మనసులో వరసగా పేర్చుకుని కూర్చున్నాయి. మేము అతని పేరు చెప్పాం. "అనుమానం కాదండీ, ఊరికే చెబుతున్నాం" అని కూడా అన్నాం. ఆ మాట వల్ల ఏం తేడా వస్తుంది?

మర్నాడు అతన్ని పిలిపించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషనులో కూర్చోబెట్టారు. చీకటి పడే వేళకు వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "అయ్యగారూ, నా బిడ్డకు బాప్తిస్మమిచ్చింది మీరే. ఆ నోటితోనే వాడి పేరు చెప్పారా?" అంది. "అమ్మా, అడిగితే చెప్పాల్సొచ్చింది" అన్నాం. ఆమె ఇంకేమీ అనలేదు. మెట్టు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆదివారం ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. క్రిస్మస్‌కూ రాలేదు. సంక్రాంతి దాటాక అబ్బాయి పని వెదుక్కుంటూ హైదరాబాదు వెళ్ళాడని విన్నాం. "తప్పు చేసినవాడు గనుకే వెళ్ళాడు" అన్నారు కొందరు. మేము కాదనలేదు.

ఆ క్రిస్మస్ వాయిద్యాలు లేకుండానే జరిగింది. ఆ ఒక్క సంగతిలో దేవుని కృప చూశాం. మన క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఇన్నేళ్ళు వాటిని మన కళ్ళు దాటుకుని పోయేవి. పెద్దాయన ఆ తాళం చూసి చేత్తో వేసి చూపిస్తే, ఆడవాళ్ళు చప్పట్లతో అందుకున్నారు. పురుషోత్తమ చౌదరి గారి కాలంలో, అంటే 1803 నుంచి 1890 వరకు ఆయన బతికిన ఆ రోజుల్లో, ఇలాంటి పల్లెల్లో కీబోర్డు ఎక్కడిది? పాట అప్పుడూ ఉంది. దొంగ వాయిద్యాన్ని ఎత్తుకుపోగలడు గాని పాటను ఎత్తుకుపోలేడని ఆ రాత్రి ప్రసంగంలో చెప్పాం. జనం ఆమేన్ అన్నారు. చెప్పిన మాట నిజమే. కానీ డోలక్ మేకు మీదే వేలాడుతోంది, దాని ముందు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆ వైపు చూడకుండా ప్రసంగించాం.

ఆ దినాల్లో విదేశంలో పని చేసుకుంటున్న మన సంఘ బిడ్డ ఒకడు మమ్మల్ని ఆదరించాలని, దొంగిలించిన వాయిద్యాలు ఏళ్ళ తర్వాత దొరికిన సంగతులు ఫోనుకు పంపేవాడు. వాటిలో మూడు మాకు బాగా గుర్తున్నాయి, ఒకటి తర్వాతి రోజుల్లో తెలిసింది.

పోలండ్ నుంచి వచ్చిన యూదుడు బ్రోనిస్లావ్ హ్యూబర్‌మన్ గొప్ప వయొలిన్ విద్వాంసుడు. ఇటలీలో స్ట్రాడివారి 1713లో చేసిన వయొలిన్ ఆయన దగ్గర ఉండేది. 1919లో వియన్నాలో ఒకసారి పోయి కొద్ది రోజుల్లోనే దొరికింది. 1936 ఫిబ్రవరి 28న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో ఆయన వేదిక మీద వేరే వయొలిన్ వాయిస్తూ ఉండగా, లోపలి గదిలోంచి అది మళ్ళీ పోయింది. ఈసారి దొరకలేదు. 1947లో ఆయన దాన్ని చూడకుండానే కన్నుమూశారు. అది ఎక్కడికి పోయింది? జూలియన్ ఆల్ట్‌మన్ అనే వాద్యకారుని చేతిలో దాదాపు యాభై ఏళ్ళు ఉంది. ఎవరూ గుర్తు పట్టకుండా దానికి బూటు పాలిష్ పూశాడు. తానే దొంగిలించాడా, వేరొకరి దగ్గర కొన్నాడా అన్నదానికి రెండు రకాల మాటలున్నాయి. 1985లో చావుకు దగ్గరైనప్పుడు భార్యకు నిజం చెప్పాడు. నష్టపరిహారం చెల్లించిన బీమా సంస్థకు ఆమె 1987లో దాన్ని అప్పగించింది. పాలిష్ పొరలు తీసి బాగు చేయడానికే నెలలు పట్టింది. 2001 నుంచి జాషువా బెల్ అనే విద్వాంసుడు దాన్ని వాయిస్తున్నారు.

రెండోది రోమన్ టోటెన్‌బర్గ్ గారిది. ఆయన వయొలిన్ కూడా స్ట్రాడివారి చేసినదే, 1734 నాటిది. 1980లో అమెరికాలోని కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఒక కచేరీ అయ్యాక పోయింది. ఒక యువకుడి మీద ఆయనకు అనుమానం. కానీ ఇల్లు సోదా చేయడానికి సరిపడే రుజువు లేదన్నారు. ఆయన 101 ఏళ్ళు బతికి 2012లో పోయారు. 2015లో ఆ యువకుడు, అంటే అప్పటికే చనిపోయిన ఆ మనిషి, వదిలిన సామానులో అతని మాజీ భార్యకు వయొలిన్ దొరికింది. టోటెన్‌బర్గ్ గారి ముగ్గురు కూతుళ్ళు దాన్ని అందుకున్నారు.

ఇది చదివినప్పుడు మా మనసు ఏమందో దాచకుండా చెబుతాం. "చూశావా, ఆయన అనుమానించినవాడే దొంగ అయ్యాడు. మనం చెప్పినదీ తప్పు కాదు" అంది. ఎవరి దుఃఖాన్నో తెచ్చి మా తప్పుకు బూటు పాలిష్‌లా పూసుకున్నాం. రుజువు లేనిదే ఒకరి ఇంట్లోకి జొరబడకూడదన్న కట్టుబాటు టోటెన్‌బర్గ్ గారికి వయొలిన్‌ను దూరం చేసింది, నిజమే. కానీ ఆ కట్టుబాటే మా నాలుకకు ఉండి ఉంటే మన అబ్బాయిని కాపాడేది.

మూడోది హాయిగా ముగిసిన సంగతి. బీటిల్స్ అనే ఇంగ్లండు పాటల బృందంలోని పాల్ మెకార్ట్నీ, 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకు కొన్న బేస్ గిటార్ 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి పోయింది. కొందరు పూనుకుని, దాని గురించి తెలిసినవాళ్ళు చెప్పండని లోకమంతా అడిగారు. ఒక ఇంటి అటక మీద ఉన్నది బయటపడింది. తిరిగి వచ్చిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. యాభై ఏళ్ళు దాటాక! అడిగేవాళ్ళు ఉన్నంత కాలం పోయినది పూర్తిగా పోయినట్టు కాదని ఇది మనకు నేర్పుతుంది.

మన సంగతికి వస్తే, మే నెల ఎండల్లో స్టేషను నుంచి కబురొచ్చింది. వేరే జిల్లా నుంచి వచ్చిన ముగ్గురు పట్టుబడ్డారు. గుళ్ళలో, బళ్ళలో, మందిరాల్లో మైకు సెట్లు, వాయిద్యాలు తీసుకెళ్ళేవాళ్ళు. దొరికిన సామానులో ఒక హార్మోనియం, ఒక డగ్గా ఉన్నాయి, వచ్చి చూడమన్నారు. పెద్దాయన్ని తీసుకెళ్ళాం. "మీదేనని గుర్తేమిటి?" అంటే ఆయన పెట్టె తెరవక ముందే చెప్పారు: "తిత్తి లోపలి పక్క నల్ల తోలు ముక్క అతికించి ఉంటుంది బాబూ. దాని మీద ఏడు కుట్లు. మా ఆవిడ కుట్టింది." తెరిచి చూశారు. ఏడే. ఆయన భార్య ప్రభువు దగ్గరికి వెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు. స్టేషనులోనే ఆ తోలు మీద వేలు పెట్టి కూర్చుని ఏడ్చారు. మమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు.

కోర్టులో అర్జీ పెట్టి, పూచీ రాసి, దాన్ని ఇంటికి తెచ్చుకునేసరికి జూలై అయింది. రెండు రీడ్లు పోయాయి, తిత్తిని ఎలుకలు కొరికాయి. పట్నంలో బాగు చేయించాం. కీబోర్డు దొరకలేదు. తబలాలో కుడిది దొరకలేదు. ఆంప్లిఫైయర్ దొరకలేదు, దాని కోసం మేము ప్రార్థించనూ లేదు.

దొంగలు లోపలికి ఎలా వచ్చారో కూడా ఆ మే నెలలోనే తెలిసింది. మందిరం వెనక పక్క రేకు బోల్టులు విప్పి ఒకడు దిగాడట. వెనక కిటికీ గడియ లోపలి నుంచి తీసి సామాను అందించి, మళ్ళీ గడియ వేసి, రేకు మీదుగానే ఎక్కిపోయాడట. ఆ సంవత్సరం మొదటి వానకు ఆ మూలే కారింది. కింద బకెట్టు పెట్టాం గాని పైకి ఎందుకు చూడలేదు? మా దృష్టంతా తాళం చెవి మీద ఉంది, అది ఎవరి దగ్గరుందో ఆ మనిషి మీద ఉంది.

ఆ వచ్చే ఆదివారం ప్రసంగం పక్కన పెట్టి, సంఘం ముందు నిలబడి మా తప్పు ఒప్పుకున్నాం. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ ఈసారి లోపలికి పిలిచింది. మంచినీళ్ళిచ్చింది. మేము ఏమి మాట్లాడినా "అలాగే అయ్యగారూ" అంది, అంతే. అబ్బాయికి ఫోన్ చేసి ఇచ్చింది. మేము క్షమాపణ అడిగాం. అతను కాసేపు ఆగి అన్న మాటలు మాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి: "మిమ్మల్ని అప్పుడే క్షమించాను అయ్యగారూ. ఇక్కడ కూడా మందిరానికి వెళ్తున్నాను. కానీ అక్కడికొచ్చి డోలక్ ముందు కూర్చోలేను. అందరూ నా చేతులే చూస్తారు."

హార్మోనియం వచ్చింది. అబ్బాయి రాలేదు.

ప్రియులారా, ఇప్పుడు వాక్యంలోకి వెళ్దాం. మీ బైబిళ్ళు తెరిచి ఎజ్రా గ్రంథం మొదటి అధ్యాయం చివరి ఐదు వచనాలు నెమ్మదిగా చదవండి. యెరూషలేము మందిరంలోంచి నెబుకద్నెజరు ఎత్తుకుపోయిన ఉపకరణాలు అవి. ఆ పాత్రల్లోనే బెల్షస్సరు విందులో ద్రాక్షారసం తాగాడని దానియేలు గ్రంథంలో చూస్తాం. మందిరం కాలిపోయి దాదాపు యాభై ఏళ్ళు గడిచాక కోరెషు రాజు వాటిని బయటికి తీయించాడు. ఖజానాదారుడైన మిత్రిదాతు వాటిని లెక్కపెట్టి షేష్బజ్జరుకు అప్పగించాడు. బంగారు పళ్ళెములు 30, వెండి పళ్ళెములు 1000, కత్తులు 29. ఇలా లెక్క సాగి మొత్తం 5400 అవుతుంది. ఆ 29 కత్తులను కూడా లేఖనం మరువలేదు. గనుక పోయిన వస్తువు కోసం వెదకడం, ఫిర్యాదు చేయడం, దొరకాలని ఆశించడం అవిశ్వాసం కాదు. "ఈ లోక వస్తువులే కదా" అని ఆ పెద్దాయన దుఃఖాన్ని తేలిక చేయకండి. పిడికెడు బియ్యం పెట్టిన చేతులను ప్రభువు ఎరుగును.

అయితే అక్కడ ఆగకుండా రెండో అధ్యాయం తెరవండి. పాత్రల లెక్క కొద్ది వచనాల్లో అయిపోయింది. మనుషుల లెక్కకు ఒక అధ్యాయం, 70 వచనాలు పట్టింది. కుటుంబం కుటుంబంగా, ఊరు ఊరుగా పేర్లు. సమాజమంతా 42,360 మంది. దాస దాసీలు 7,337. గాయకులు, గాయకురాండ్రు 200 మంది. ఆసాపు వంశపు గాయకులు 128 మంది అని వేరుగా కూడా రాసి ఉంది. ఎత్తుకుపోయిన వాయిద్యాల వంటి వస్తువుల పట్టిక కంటే, పాడేవాళ్ళ పట్టిక, తిరిగి వచ్చినవాళ్ళ పట్టిక దేవునికి పెద్దది. మేము స్టేషనులో మొదటి అధ్యాయం రాసిచ్చాం. రెండో అధ్యాయం రాయడం మరిచిపోయాం.

నష్టం జరిగిన రోజున మనుషులు ఎలా ఉంటారో సిక్లగులో చూడండి (1 సమూయేలు 30). ఊరు కాలిపోయింది, భార్యాబిడ్డలను చెరపట్టుకుపోయారు. జనం ఏడవడానికి శక్తి లేకుండా పోయే వరకు ఏడ్చి, ఆ తర్వాత దావీదును రాళ్ళతో కొట్టాలనుకున్నారు. అతనూ వాళ్ళతో పాటే పోగొట్టుకున్నవాడు. అయినా దుఃఖానికి ఒక మనిషి కావాలి, ఎవరి మీదైనా విసరడానికి. మా చేతిలో రాయి లేదు, ఒక పేరు ఉంది. దాన్ని విసిరాం.

కాపరి అయినవాడు ఇంకా భయపడవలసిన చోటు ఒకటుంది. యాజకుడైన ఏలీ మందిర ద్వారం దగ్గర కూర్చుని, పెదవులు కదుపుతూ ప్రార్థిస్తున్న హన్నాను చూసి తాగి ఉందనుకున్నాడు (1 సమూయేలు 1). ఏళ్ళ తరబడి సన్నిధిలో ఉన్నవాడి కన్ను కూడా తప్పు చూసింది. కానీ ఆమె మాట చెప్పగానే విని, ఆశీర్వదించి పంపాడు. ఆ కొద్ది సేపటి పని మాకు ఆరు నెలలు పట్టింది, అదీ దొంగలు దొరికాక. దొంగలు దొరకకపోయి ఉంటే? మేము ఈ రోజుకీ ఆ అబ్బాయినే చూపించి ఉండేవాళ్ళం. ఈ ప్రశ్న మమ్మల్ని రాత్రుల్లో లేపుతుంది.

పక్క మండలం తమ్ముడికి, ఇంకా వాయిద్యాలున్న ప్రతి సంఘానికి మేము చెప్పగలిగేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఈ వారమే మీ వాయిద్యాలను తిరగేసి అడుగున ఉన్న నంబర్లు ఫొటో తీసుకోండి. హార్మోనియం, తబలా లాంటివాటికి నంబరు ఉండదు, గనుక మీరే ఎరిగిన గుర్తు ఒకటి రాసి ఉంచండి. బిల్లులు మందిరంలో కాక వేరే ఇంట్లో దాచండి. మన సంఘంలో ఇప్పుడు దీనికొక రిజిస్టరు ఉంది.

రెండోది, పోతే ఆలస్యం చేయకుండా ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది, అడిగి తీసుకోండి. రిపేరు షాపులకు, సౌండ్ సిస్టమ్ వాళ్ళకు, చుట్టుపక్కల సంఘాలకు ఫొటోలు పంపండి. దొంగకు వాయిద్యంతో పని లేదు, అమ్మాలి. అమ్మే చోట మీ మాట ముందు చేరాలి.

మూడోది, బిల్లు లేని చౌక వాయిద్యాన్ని దేవుని పేరు చెప్పి కొనకండి. మనలాంటివాళ్ళు కొంటారనే ధైర్యంతోనే రేకు బోల్టులు విప్పుతున్నారు.

నాలుగోది, పోలీసులు అడిగితే చూసింది చెప్పండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో చెప్పడం నిజం చెప్పడమే. అతని అప్పులు, అతని పాత తప్పులు పక్కన పేర్చి చెప్పడం వేరు. మేము చేసింది ఆ రెండోది. మీ సంఘంలో బలహీనుడి పేరే అందరి నోటికీ ముందు వస్తుంది. వచ్చినప్పుడు నోరు మూసుకుని, పైకి చూడండి. రేకు వదులైందేమో.

డోలక్‌కు కిందటేడు కొత్త చర్మం వేయించాం. వాయించడానికి ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు. ఆ చోటు అతని కోసం ఖాళీగా ఉంచాలా, పిల్లలను కూర్చోబెట్టాలా అని మేము చాలా ఆలోచించాం. చివరికి వాళ్ళమ్మనే అడిగాం. "వాయించనీయండి అయ్యగారూ, వాడికి ఆ చప్పుడంటే ఇష్టం" అంది. ఆమె ఈ మధ్య నెలకోసారి ఆరాధనకు వస్తోంది. వెనక వరసలో కూర్చుని, ఆశీర్వాదం అవకముందే లేచి వెళ్ళిపోతుంది. మేము గుమ్మం దగ్గరికి వెళ్ళే లోపే.

మన రిజిస్టరులో దొరకని కీబోర్డు నంబరు ఇంకా ఉంది. బిల్లు మీద చూసి రాశాం. ఆశ వదులుకోలేదు. దాని కింద ఒక గీత గీసి అబ్బాయి పేరు రాసుకున్నాం. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ పేజీ తెరుస్తాం. కీబోర్డు కోసం ప్రార్థన చిన్నది.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, పోయినవాటిని లెక్కలో ఉంచుకునే దేవా, మీకు స్తోత్రం. వాయిద్యాలు పోగొట్టుకుని చేతులు ఖాళీ అయిన ప్రతి సహోదరుని ఆదరించండి. వాటిని తీసుకెళ్ళిన చేతులను కూడా మీవైపు తిప్పండి. మా మాట వల్ల పేరు పోగొట్టుకున్న బిడ్డకు ఆ పేరు తిరిగి దయచేయండి. అతను ఇక్కడికి రాకపోయినా, ఉన్నచోట మీ సన్నిధిలో అతని చేతులు భయం లేకుండా వాయించే కృప ఇవ్వండి. మాకు వెదికే ఓపికను, నోటికి కావలిని ఇవ్వండి. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి కుటుంబం